పురుగుమందు: శబ్దార్థవిమర్శనము

మాటల యర్థములు కాలక్రమమున మారుచుండుట భాషాతత్త్వ మెఱిగినవారికి క్రొత్త విషయము కాదు. అర్థవ్యాకోచము, అర్థసంకోచము, అర్థోత్కర్షము, అర్థాపకర్షము అని శాస్త్రజ్ఞులు ఈ మార్పులను విభజించి చూపియున్నారు. కాని యొక మాట తన పూర్వార్థమును విడిచి మఱియొక యర్థమును గైకొన్నప్పుడు, ఆ మార్పువలన లాభము పొందినవా రెవరు, నష్టపోయినవా రెవరు అను ప్రశ్నను మన నిఘంటుకర్తలుగాని వ్యాఖ్యాతలుగాని వేసికొనుట యరుదు. అది శబ్దశాస్త్రమునకు బాహ్యమని కొందఱు తలంతురు. ఆ తలంపు సరికాదని చూపుటకే ఈ చిన్న ప్రయత్నము.

ఇందు నేను విచారింపబూనినవి మూడు మాటలు: మందు, ప్రమాదము, రైతు. మూడును సామాన్యములైనవే. వికారాబాదు, తాండూరు ప్రాంతముల పత్తిచేలలోను కందిచేలలోను ఇవి ప్రతిదినము వినవచ్చునవి. చేలలో చల్లు విషద్రవ్యములవలన మనుష్యులకు కలుగు బాధను గుఱించి మనము మాటాడునప్పుడు మన చూపును నడపుచున్నవి ఈ మూడు మాటలే యనియు, ఆ చూపున కొందఱు మనుష్యులు కనబడకపోవుటకు ఇవియే కొంత కారణమనియు నా యభిప్రాయము.

ముందుగా దేశమును గుఱించి రెండు మాటలు. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినది. అందలి అనంతగిరి గుట్టలలో మూసీనది పుట్టుచున్నది. తాండూరు ప్రక్కగా పాఱు కాగ్నానది భీమలో కలియుచున్నది. తాండూరు, కొడంగలు తాలూకాలు 1956వ సంవత్సరమున రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు గుల్బర్గా జిల్లాలోనివి. కావుననే అచటి జనుల నోట తెలుగు, కన్నడము, ఉర్దూ కలసి వినబడుచుండును. సున్నపురాతి బండలకును కందికిని ఆ సీమ ప్రసిద్ధము. తాండూరు కందికి 2022లో భౌగోళిక సూచికయను గుర్తింపు లభించినది. కంది, పత్తి రెండును అచట ప్రధానముగా వర్షాధారపు పంటలే. వాన వచ్చుట, పురుగు వచ్చుట, అప్పు తీర్చవలసిన గడువు వచ్చుట, ఈ మూడింటి నడుమ అచటి సేద్యము నడచుచుండును.

ఇక మొదటి మాట. మందు అచ్చతెలుగు మాట. తమిళమున మరుందు, మలయాళమున మరున్ను, కన్నడమున మద్దు అని దీని సోదరశబ్దములు కలవు. ఔషధమనునదియే అన్నింటను ముఖ్యార్థము. మందుమాకులు అను జంటమాటలోని మాకు మ్రానికి రూపాంతరమైన మ్రాకు నుండి వచ్చినది. చెట్టు చేమల నుండి లభించునదే మందు అను పూర్వుల యనుభవము ఆ జంటలో నిలిచియున్నది. అయినను ఈ మాట మొదటినుండియు కేవలము మంగళకరమైనది కాదు. తుపాకిమందు అన్నప్పుడు అది పేలి ప్రాణము తీయు పొడి. పెట్టుమందు అన్నప్పుడు అది తెలియకుండ అన్నములో కలిపి పెట్టు వస్తువు. ఎలుకలమందు అన్నప్పుడు అది విషమే. మలయాళమున వెడిమరున్ను, కన్నడమున మద్దు తుపాకిమందును బోధించుటనుబట్టి చూడగా, దేహమునందు గాని లోకమునందు గాని స్వల్పపరిమాణముతో గొప్ప మార్పును తెచ్చు ద్రవ్యమేదైనను మందే యని ద్రావిడభాషలవారు భావించినట్లు తోచుచున్నది. ఈ విశాలార్థమే తరువాతి కాలమున వర్తకులకు అనుకూలించినది.

నేడు తాండూరు బజారులో వ్యాధిగ్రస్తుడు పోవు చోటు దవాఖానా. రైతు పోవునది మందుల దుకాణము. సాయంకాలము కొందఱు పోవు మఱియొక దుకాణమునందు అమ్మబడునదియు మందే. చేనికి వేయు రసాయనపు టెరువును సైతము ఆ ప్రాంతమున మందనియే వ్యవహరింతురు. కలుపును చంపునది గడ్డిమందు, పురుగును చంపునది పురుగుమందు. ఇన్ని భిన్నవస్తువులకు ఒక్క పేరు చెల్లుచున్నప్పుడు వానిలో నేది ప్రాణమును నిలుపునదో, నేది తీయునదో చెప్పు భారము మాటనుండి తప్పి వినువాని యూహపై పడుచున్నది.

పురుగుమందు అను సమాసమును విప్పి చూతము. పురుగునకు మందు అని విగ్రహము. దీనిని దగ్గుమందు అనుదానితో పోల్చవచ్చును. దగ్గునకు మందు అన్నప్పుడు దగ్గు పోవలసినది, రోగి నిలువవలసినవాడు. రోగి సమాసములో ప్రత్యక్షముగా లేకపోయినను అర్థమునందు ఉన్నాడు. ఏలయన దగ్గు రోగిలేక ఉండజాలదు. పురుగుమందు అన్నప్పుడును పురుగు పోవలసినది, పంట నిలువవలసినది. ఇచ్చట పంట రోగిస్థానమున నున్నది. ఇంతవఱకు పోలిక సరిపోవుచున్నది. కాని దగ్గుమందును రోగియే త్రాగును. త్రాగించువానికి దానివలన బాధ లేదు. పురుగుమందును పంటపై చల్లువాడు వేఱొకడు. డ్రమ్ములోని నీటిలో దానిని కలుపువాడు, వీపున పంపు మోయువాడు, గాలి మళ్లినప్పుడు ఆ తుంపరను పీల్చువాడు, తడిసిన చొక్కాతోనే సాయంకాలము వఱకు సాలువెంట నడచువాడు ఆ సమాసమున పూర్వపదమునగాని ఉత్తరపదమునగాని లేడు. అధ్యాహారము చేసికొనుటకు సైతము చోటు లేదు. పురుగు కలదు, పంట కలదు, మనుష్యుడు లేడు. ఈ లోపము వ్యాకరణదోషము కాదు. లోకములోని లోపమే భాషలో ప్రతిబింబించినది.

ఈ ప్రయోగమున కొక సమాధానము చెప్పవచ్చును. మన పూర్వులు చెట్టును సైతము ప్రాణిగా భావించి దానికి చికిత్స చేసిరి. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయము కలదు. సురపాలుని వృక్షాయుర్వేదమున వాతపిత్తకఫముల ననుసరించి చెట్ల వ్యాధులు విభజింపబడినవి. తెగులు అను మాట మనుష్యులకును పైరులకును సమానము. కంది గొడ్డుపోవు రోగమును రైతులు వెఱ్ఱితెగులనుట ఈ భావనకు సాక్ష్యము. కావున పైరునకు వేయుదానిని మందనుట ప్రాచీనమైన దయాదృష్టికి ఫలమేగాని వంచన కాదని వాదింపవచ్చును. ఈ వాదమున సత్యము కలదు. కాని వృక్షాయుర్వేదుడు చెట్టును బాగుచేయ జూచినాడు. నేటి ద్రవ్యము చెట్టును బాగుచేయుట లేదు, దానిపై వ్రాలిన ప్రాణిని చంపుచున్నది. చికిత్సకును సంహారమునకును భేదము కలదు. పాత చికిత్సకు చెల్లిన పేరు క్రొత్త సంహారమునకు సంక్రమించినది. పేరుతోపాటు పేరునందలి నమ్మకమును సంక్రమించినది.

పాఠ్యపుస్తకములవారు ఈ చిక్కును తప్పించుకొనుటకు క్రిమిసంహారిణి, కీటకనాశని వంటి సంస్కృతపదములను కల్పించిరి. ఇవి మందుకంటె సత్యమునకు సమీపములైనవే. సంహార మిందు స్పష్టముగా నున్నది. అయినను సంహరింపబడునది క్రిమి మాత్రమే యను నియమము ఆ పదములలో నున్నది. ఆ నియమము వస్తువునందు లేదు. తేనెటీగ, పురుగును తిను సాలెపురుగు, చెఱువులోని చేప, చల్లు కూలి, ఎవరియందును ఆ వస్తువునకు పక్షపాతము లేదు. 1962లో వెలువడిన సైలెంట్ స్ప్రింగ్ అను గ్రంథమున రేచెల్ కార్సన్ ఈ విషయమునే గుర్తించి, వీనిని కీటకనాశకములని కాక జీవనాశకములని పిలువదగునని సూచించెను. ఇంగ్లీషున చెల్లిన ఆ విమర్శ తెనుగున ఇంకను తీవ్రముగా చెల్లును. ఏలయన వారి మాట కనీసము చంపుటను చెప్పుచున్నది, మన మాట మాన్పుటను చెప్పుచున్నది.

ఇట ఒక యాక్షేపమును తప్పక విచారింపవలెను. రైతు మూఢుడు కాడు. డబ్బాలోనిది విషమని ఎఱుగని పల్లె లేదు. ఎవడో మందు త్రాగి పోయినాడని చెప్పునప్పుడు ఆ మాటను ఔషధార్థమున గ్రహించువాడు ఎవడును లేడు. కావున మాటవలన మోసపోయినవాడు ఎవడు? ఈ ప్రశ్న న్యాయమైనది. నా సమాధాన మిది. మాట రెండర్థములను వహించుచున్నది. ఆ రెండర్థములు రెండు చోట్ల వినబడుచున్నవి. దుకాణములో కొనునప్పుడు మందు ఔషధము; ఇంటిలో ఏడ్చునప్పుడు మందు విషము. కొనువాడును ఏడ్చువాడును ఒకే కుటుంబమువారైనను, అమ్మకము మొదటి యర్థముతోనే జరిగిపోవుచున్నది. రెండవ యర్థము చావు తరువాతనే పలుకబడుచున్నది. తెలియకపోవుట వేఱు, తెలిసినదానిని సమయమునకు పలుకలేకపోవుట వేఱు. మాట చేయు హాని రెండవది.

ఆయుర్వేదమందలి అగదతంత్రము ఈ విషయమున మనకంటె స్పష్టముగా మాటాడినది. విషము స్థావరము, జంగమము అని చెప్పి, మనుష్యులు కూర్చిన కృత్రిమవిషమును గరమని వేఱుపఱిచినది. సుశ్రుతుడు కల్పస్థానమున దూషీవిషమను నొకదానిని వర్ణించినాడు. అది పూర్తిగా బయలువెడలక, శక్తి తగ్గి, దేహమున ఏండ్లతరబడి నిలిచియుండి, అనుకూలమైన దేశకాలములు తటస్థించినప్పుడు ధాతువులను చెఱచు విషము. నేటి పురుగుమందులలో రెండు విధములవియు కలవు. ఆర్గనోఫాస్ఫేటు జాతివి నాడులకు సంబంధించిన కోలినెస్టరేసను ఎంజైమును అణచివేయును. కనుపాపలు సూదిమొనలవలె కుంచించుకొనుట, చొంగ కారుట, చెమటపట్టుట, కండరములు అదరుట, ఊపిరి అందకపోవుట వీని లక్షణములు. వెంటనే దవాఖానాకు చేర్చినచో అట్రోపిను, ప్రాలిడాక్సిము అను విరుగుడులు కలవు. ఎండోసల్ఫాను వంటివి మట్టిలోను దేహములోను నిలిచి, దూషీవిషమువలె ప్రవర్తించును. పారాక్వాట్ అను గడ్డిమందునకు విరుగుడే లేదు. అది ఊపిరితిత్తులను గట్టిపఱచును. ఆ మందునకు మందు లేదని చెప్పవలసివచ్చుటకంటె ఈ శబ్దమునకు తగిన పరిహాసము లేదు.

రాజశాసనము మాటకంటె రంగును నమ్మినది. 1958లో కేరళదేశమున పారథియాను అను విషము ఓడలో ఆహారపు సరకుపై ఒలికి, ఆ పిండిని తిన్నవారు నూఱుమందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటన తరువాత విచారణ జరిగి, కడకు 1968లో క్రిమిసంహారకముల చట్టము, 1971లో దాని నియమములు ఏర్పడినవి. వానిననుసరించి ప్రతి డబ్బాపై ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో నొక త్రికోణముండవలెను. ఎలుకలలో సగము చచ్చుటకు దేహభారము కిలోగ్రామునకు 50 మిల్లీగ్రాములవఱకు చాలినచో ఎఱుపు, 500 వఱకు పసుపు, 5000 వఱకు నీలము, ఆపైన ఆకుపచ్చ. ఎఱుపుదానిపై పుఱ్ఱెగుర్తుతో విషమని వ్రాయబడును. ఆకుపచ్చదానిపై జాగ్రత్త అని మాత్రమే యుండును. ఈ లెక్క ఒక్కమాఱు నోట పడిన మోతాదునకు సంబంధించినది. ముప్పది సంవత్సరములు చర్మముగుండ, ఊపిరిగుండ లోనికి పోవుదానికి ఆ త్రికోణమున రంగు లేదు. మఱియు ఆకుపచ్చ రంగు పైరు రంగు, క్షేమమునకు గుర్తు. విషములలో నొకదానికి ఆ రంగు నిచ్చుట మందను పేరు నిచ్చుటవంటిదే.

రెండవ మాట ప్రమాదము. సంస్కృతమున ప్రమాదమనగా ఏమఱుపాటు, అజాగ్రత్త. తెనుగున ఆ శబ్దము అపాయమను నర్థమునకు మారినది. ప్రమాదవశమున విషము సోకినదని వ్రాసినప్పుడు తెనుగుపాఠకుడు కర్తలేని యొక దుర్ఘటనను ఊహించుకొనును. కాని వ్రాతలోని పాత యర్థము పూర్తిగా చావలేదు. విచారణకు కూర్చున్న యధికారి మనస్సులో ఆ సంస్కృతార్థమే మరల మేల్కొనుచున్నది: చేతులకు తొడుగులు లేవు, ముఖమునకు గుడ్డ లేదు, గాలికి ఎదురుగా చల్లినాడు, కావున ఏమఱుపాటు వానిదే. ఒకే మాట మొదట కర్తను తొలగించి, పిదప కూలివానినే కర్తగా నిలుపుచున్నది.

2017లో మహారాష్ట్రమునందలి యవత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందులు చల్లుచు ఇరువదిమందికి పైగా మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. ఆ సంవత్సరము పత్తి మనిషి యెత్తు పెరిగినదనియు, చల్లువారి ముఖములమీదికే తుంపర తిరిగివచ్చినదనియు నాడు పత్రికలలో వచ్చినది. రక్షణవస్త్రములు ధరింపలేదను నిందయు నాడు వినవచ్చినది. వానకాలపు ఉక్కలో మోకాలిలోతు బురద సాలులో ఆ వస్త్రములను ధరించి దినమంతయు నడువదగునా యని ఆలోచించిన విచారణ ప్రమాదశబ్దమునకు వేఱొక కర్తను చూపియుండెడిది. అమ్మినవాడే సలహాదారుడు, సలహాదారుడే అప్పిచ్చువాడు ఐనచోట ఏమఱుపాటు ఎవరిదని నిర్ణయించుట సులభము కాదు.

మనుష్యుని యజాగ్రత్త మూలకారణమైనచో నిషేధములవలన చావులు తగ్గరాదు. కాని సింహళదేశపు అనుభవము వేఱుగా నున్నది. అచట 1995 మొదలుకొని తీవ్రవిషములను వరుసగా నిషేధించిరి. 1998లో ఎండోసల్ఫానును తొలగించిరి. ఆత్మహత్యల సంఖ్య ఇరువదేండ్లలో సుమారు నూటికి 70 వంతులు తగ్గినది. 1995 నుండి 2015 వఱకు ఇట్లు నిలిచిన ప్రాణములు సుమారు 93 వేలని పరిశోధకులు లెక్కించిరి. మనుష్యుల దుఃఖము ఇరువదేండ్లలో అంతగా తగ్గలేదు, అప్పులు మాయము కాలేదు. దుకాణములోని వస్తువు మాఱినది. క్షణికమైన నిరాశ ప్రాణాంతకము కాకుండ గడచిపోవుటకు అది చాలినది. ఈ దృష్టాంతమును తెలిసిన పిదప ప్రమాదశబ్దమును నిరుద్యోగముగా నుంచి, నిర్ణయశబ్దమును వాడుట న్యాయము. ఏ విషము అంగడిలో నుండవలెనను నిర్ణయము కూలివాడు చేసినది కాదు.

ఇక తోటల సంగతి. ఈ విషయమున లోకమున ప్రసిద్ధమైన కథ కాసరగోడుది. అచట కేరళ ప్లాంటేషన్ కార్పొరేషనువారి జీడిమామిడి తోటలు కొండలమీద 4500 హెక్టారులకు పైగా వ్యాపించియున్నవి. తేయాకు దోమను చంపుటకై హెలికాప్టరుల నుండి ఎండోసల్ఫానును రెండు దశాబ్దములకు పైగా, 2000 వఱకు, చల్లిరి. బావులు, వాగులు, ఇండ్లు ఆ తుంపర క్రిందనే యుండినవి. కారణకార్యసంబంధమును గుఱించి శాస్త్రజ్ఞులలో వాదములు జరిగినను, 2011 మే నెలలో సుప్రీముకోర్టు ఆ విషమును దేశమంతట నిలిపివేసినది. 2017 జనవరిలో బాధితులకు ఐదేసి లక్షల రూపాయలు చెల్లింపుమని ఆజ్ఞాపించినది. తెలుగువారికి తోటల యనుభవము సముద్రము దాటిన తరువాతనే యెక్కువగా కలిగినది. మలయాదేశమునకు పోయిన మనవారు బాగాన్ డాటో ప్రాంతమున కొబ్బరితోటలలో పనిచేసిరి. ఆ దేశపు తోటలలో గడ్డిమందు చల్లువారు పెక్కుమంది స్త్రీలు. పారాక్వాట్‌ను అచటి ప్రభుత్వము 2002లో నిషేధింపబూని, 2006లో ఆ యాజ్ఞను సడలించి, తుదకు 2020 జనవరి 1 నుండి పూర్తిగా నిషేధించినది. పదునెనిమిది సంవత్సరముల ఆ తడవు ఎవరి ప్రయోజనమునకో చెప్ప నక్కఱలేదు.

తోటకు యజమాని కలడు. హెలికాప్టరును ఎల్లరును ఒకే సమయమున చూచిరి. చల్లిన దినము, చల్లినవాడు, చల్లించినవాడు స్పష్టము. కావుననే కాసరగోడున బాధితుల జాబితా ఏర్పడగలిగినది. తాండూరు సీమలో తోట లేదు. వేలకొలది చేలు కలవు. ఒక్కొక్క చేనికి ఒక్కొక్క పంపు, ఒక్కొక్క దినము, ఒక్కొక్క అప్పు. విషము హెలికాప్టరునుండి కాక భుజములమీదినుండి వచ్చుచున్నది. బాధపడువాడును బాధపెట్టువాడును ఒకడే యైనట్లు పైకి కనబడును. నిజము విచారించినచో విత్తనము ఒకచోటినుండి, అప్పు అచటినుండియే, మందు అచటినుండియే వచ్చుచు, ఏ పురుగునకు ఏమి చల్లవలెనో చెప్పు నోరును అచటనే యున్నప్పుడు, అది యజమాని కనబడని తోటయే. 2002లో బీటీపత్తి అనుమతింపబడినప్పుడు పురుగుమందు తగ్గునని ఆశించిరి. కొంతకాలమునకు గులాబిరంగు పురుగు దానిని ఓర్వ నేర్చినది. మరల పంపులు భుజముల కెక్కినవి. కాసరగోడు కథను చదివి అది మనది కాదని తాండూరువాడు తలంచుటకు కారణము, తోటయను మాటయందు యజమానిని చూచుటకు మన మలవాటుపడుటయే.

మూడవ మాట రైతు. ఇది అరబ్బీభాషలోని రయ్యతు శబ్దమునుండి వచ్చినది. పాలితుడు, ప్రజ అని దాని పూర్వార్థము. నేడది గౌరవపదము. కాని శాసనములలో రైతనగా పట్టాదారు. తెలంగాణమున 2018 ఆగస్టులో ప్రారంభమైన రైతుబీమా, 18 నుండి 59 సంవత్సరముల వయస్సుగల పట్టాదారు ఏ కారణమున మరణించినను కుటుంబమునకు ఐదు లక్షల రూపాయల నిచ్చునట్లు ఏర్పడినది. కారణమును ప్రశ్నింపకుండుట ఆ పథకమున మెచ్చదగిన గుణము. ప్రమాదశబ్దము చేయు చిక్కు అందు లేదు. అయినను వీపున పంపు మోయువాడు పెక్కుచోట్ల పట్టాదారు కాడు. కౌలుదారుడో దినకూలియో యగును. ఈ సీమ హైదరాబాదు సంస్థానములో నున్నప్పుడు పట్టాదారునకును షిక్మీదారునకును భేదము వ్రాతలలో నుండెను. 1950 నాటి కౌలుచట్టము రక్షితకౌలుదారుని పేర్కొనెను. నేటి రైతుశబ్దము ఆ భేదములను కప్పివేసినది. పురుగుమందు సమాసములో మనుష్యుడు లేడని పైన చెప్పితిని. రైతుశబ్దములో మనుష్యుడు కలడు, కాని చల్లువాడు కాదు. చల్లువాడు రెండుచోట్లను బయటనే నిలిచియున్నాడు. డ్రమ్ములో నీళ్లు నింపు స్త్రీ, విషము ఆరని చేనిలో కలుపుతీయు స్త్రీ అతనికంటెను దూరమున నిలిచియున్నది.

ఈ విమర్శ సాహిత్యమునకును సోకుచున్నది. కాసరగోడు కథను అంబికాసుతన్ మాంగాడ్ 2009లో ఎన్మకజె అను మలయాళనవలగా వ్రాసెను. అది 2017లో స్వర్గ అను పేర ఇంగ్లీషులోనికి వచ్చినది. రెండును అచటి ఊళ్ల పేర్లే. ఊరి పేరునే గ్రంథమునకు పేరుగా నుంచుటవలన బాధ ఒక పాత్రది కాక నేలదియు నీటిదియు నైనది. మన సాహిత్యమున 1997, 98 సంవత్సరములలో వరంగల్లు ప్రాంతమున పత్తిరైతులు మరణించిన నాటినుండి సేద్యపు దుఃఖమును గుఱించిన కథలకు, కవిత్వమునకు కొదవలేదు. కాని వానిలో తఱచుగా పురుగుమందు తుదిపుటలోనే ప్రవేశించును. అప్పు మొదటి పుటనుండియు పెరుగును, వాన మొదటి పుటనుండియు మోసగించును. మందుడబ్బా మాత్రము కథ ముగియుటకు కావలసిన పనిముట్టుగా కడపట వచ్చును. అంతకుముందు ఆఱునెలలు అది యింటి చూరుక్రింద ఉన్నది, బిందె ప్రక్కన ఉన్నది, చొక్కాలో ఉన్నది, తలనొప్పిగా, మసకచూపుగా, అన్నము సయింపకపోవుటగా ఉన్నది. ఆ దినములను వ్రాసినవారు అల్పము. చావును వ్రాసి విషమును వ్రాయకపోవుట మన కరుణరసమునందలి లోపమని నా మనవి. శోకము స్థాయి యైనను విభావము సరిగా నెఱుగనిచో రసము ఏకదేశీయమగును.

మఱి యేమి చేయదగును? పల్లెలు కొంత చేసి చూపినవి. ఖమ్మం జిల్లాలో నాడున్న పునుకుల గ్రామము 2003లో తాము పురుగుమందు వాడమని పంచాయతి మూలమున ప్రకటించినది. వేపగింజల కషాయము, మిరప వెల్లుల్లి కషాయము, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు వారి సాధనములు. ఆ పద్ధతి తరువాత ప్రభుత్వపు తోడ్పాటుతో పెక్కు జిల్లాలకు వ్యాపించినది. కందిలో శనగపచ్చపురుగు పడినప్పుడు చెట్లను వంచి గుడ్డమీదికి దులుపు పాత యాచారము దక్షిణదేశపు రైతులలో కలదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధకులును దానిని పరీక్షించి మెచ్చిరి. ఇట మాటలను గమనింపుడు. కషాయము వైద్యుని మాట, దులుపుట గృహిణి మాట. కాని ప్రకృతిసేద్యమువారు సైతము తమ ద్రావణములకు నీమాస్త్రము, అగ్న్యస్త్రము, బ్రహ్మాస్త్రము అని పేర్లుంచిరి. వస్తువు మాఱినను యుద్ధభాష మాఱలేదు. పురుగు శత్రువు, చేను రణభూమి యను భావన నిలిచియున్నంతకాలము అంతకంటె బలమైన యస్త్రమును అమ్మువాడు మరల రాకపోడు. కషాయమను మాటయే చాలియుండెను.

మాటను మార్చిన మాత్రమున ప్రాణములు నిలుచునని నేను చెప్పుట లేదు. అప్పు, ధర, కౌలు, నిషేధాజ్ఞ, దవాఖానాకు దారి, ఇవి మాటలు కావు. కాని పాఠశాలలో పిల్లవానికి మనము నేర్పు మాట మన చేతిలోనిది. నిఘంటువున మందు శబ్దమునకు అర్థములు వ్రాయునప్పుడు చేనివిషమను నర్థమును విడిగా, స్పష్టముగా వ్రాయవచ్చును. పాఠములలో పురుగుమందునకు మాఱుగా చేనివిషమనియో పురుగువిషమనియో వాడవచ్చును. పంచనామాలలో ప్రమాదవశమున అని వ్రాయుటకు మాఱుగా ఏ విషము, ఎవరి చేనిలో, ఎవరి యాజ్ఞవలన, ఎన్ని గంటలు చల్లినప్పుడు సోకినదో వ్రాయుమని కోరవచ్చును. రైతు అన్న ప్రతిచోట పట్టాదారుడా, కౌలుదారుడా, కూలియా యని అడుగవచ్చును. ఇవి పండితుల పనులే. దగ్గుమందు సమాసమును వివరించు ఉపాధ్యాయుడు దాని ప్రక్కన పురుగుమందును వ్రాసి, ఇందు మనుష్యుడెక్కడ యని తాండూరు బడిలోని పిల్లలను ప్రశ్నించినచో, ఆ సమాధానము వారిలో కొందఱికి తమ యింటిలోనే దొరకును. ఈ విషయమును విజ్ఞులు విచారింతురుగాక.